జ్వరం లేనివాళ్లకీ రక్తపరీక్ష: దక్షిణ ఒడిశాలో ‘దమన్’ ఎలా పనిచేసింది, సరిహద్దులో ఏం మిగిలింది

2016లో ఒడిశాలో నమోదైన మలేరియా కేసులు 4 లక్షల 44 వేల పైచిలుకు. ఆ ఏడాది దేశం మొత్తం కేసుల్లో నూటికి నలభై ఈ ఒక్క రాష్ట్రానివే. 2017లో సుమారు 3 లక్షల 48 వేలు, 2018లో 66 వేలు, 2019లో 40 వేల లోపు. మరణాలు 2016లో 77 అయితే 2018లో 4. ప్రపంచ మలేరియా చరిత్రలో ఇంత పెద్ద జనాభాలో ఇంత తక్కువ కాలంలో ఇంతగా తగ్గిన సందర్భాలు చాలా అరుదు. 2017లో భారతదేశంలో కేసులు 24 శాతం తగ్గాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినప్పుడు, అందుకు ప్రధాన కారణంగా చూపింది ఒడిశానే.

ఈ తగ్గుదల వెనక ప్రధానంగా రెండు పనులున్నాయి. ఒకటి, 2017లో రాష్ట్రమంతటా పంచిన సుమారు కోటీ పది లక్షల మందు దోమతెరలు. రెండోది, ‘దుర్గమ అంచలరె మలేరియా నిరాకరణ’, అంటే దమన్. చేరుకోవడం కష్టమైన పల్లెల్లో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ రక్తపరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ మందిచ్చే కార్యక్రమం ఇది. రెండు పనులూ ఒకే కాలంలో జరిగాయి కాబట్టి దేని వాటా ఎంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు. అలా చెప్పేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. కాని రాయగడ, గుణుపూర్, మల్కన్‌గిరి వైపు పల్లెల్లో పనిచేసేవాళ్లకు ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. తెరలు అంతకుముందూ ఉన్నాయి, గోడలకు మందు కొట్టడం దశాబ్దాలుగా ఉంది. జ్వరం లేనివాళ్ల దగ్గరికి వెళ్లడం ఒక్కటే కొత్తది.

జ్వరం లేకపోతే పరీక్ష ఎందుకు

గుణుపూర్ చుట్టుపక్కల తెలుగిళ్లలో పెద్దామెలు అడిగే ప్రశ్న ఇదే: “ఏటి బాబూ, జొరమే నేదు కదా, సూదెందుకు?” ప్రశ్న న్యాయమైనదే. అందుకే జవాబు క్యాంపుకు ముందే ఊరికి తెలియాలి.

మలేరియా ఏళ్ల తరబడి పాతుకుపోయిన కొండ గూడేల్లో మనుషులకు చిన్నప్పటి నుంచీ పదేపదే సోకుతుంది. దాంతో శరీరానికి కొంత ఓర్పు వస్తుంది. పరాన్నజీవి రక్తంలో కొద్ది సంఖ్యలో ఉండిపోతుంది, మనిషి పొలానికీ వెళ్తాడు, సంతకీ వెళ్తాడు. ఆ రక్తం తాగిన దోమ మాత్రం పక్కింటి పసిబిడ్డకు జబ్బు మోసుకుపోతుంది. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి “జ్వరం ఉందా?” అని అడిగే పాత పద్ధతిలో వీళ్లు ఎన్నటికీ దొరకరు. పైగా వీళ్లకు ‘లక్షణాలు లేవు’ అనడం కూడా పూర్తిగా నిజం కాదు. కొసకు తేలేది రక్తహీనత. గర్భిణికైతే బరువు తక్కువ బిడ్డ. అందుకే దమన్ క్యాంపులో మలేరియా పరీక్షతో పాటే ఐదేళ్ల లోపు పిల్లల పోషణ, గర్భిణుల రక్తహీనత కూడా చూస్తారు. చెయ్యి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్న పిల్లవాడు తీవ్ర పోషకాహార లోపంలో ఉన్నట్టు. మలేరియా నెగెటివ్ వచ్చినా ఆ బిడ్డను వదిలేసి రాకూడదు.

దమన్‌కు ముందు 2013 నుంచి 2016 దాకా అంగుల్, ధెంకనాల్, బలాంగీర్, కంధమాల్ జిల్లాల్లో ఒక ప్రయోగం నడిచింది. పరీక్ష కిట్టూ మందూ ఆశా చేతిలో ఏ రోజూ నిండుకోకుండా చూడడం, చేరలేని ఊళ్లలో మూకుమ్మడి పరీక్షలు చేయడం అందులో ముఖ్యం. రాష్ట్ర విధానంగా దమన్ అక్కడి నుంచే ఎదిగింది. ముందు కొద్ది జిల్లాల్లో పరీక్షించి, సరఫరా లోపాలు ఎక్కడున్నాయో తెలుసుకుని, ఆ తరవాతే విస్తరించారు. ఈ క్రమం చాలా రాష్ట్రాలు పాటించవు.

క్యాంపుకు ముందు పని

ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్షల్లో ఒక్కో రౌండు గెలిచేదీ ఓడేదీ జాబితాలోనే. రెవెన్యూ గ్రామం పేరు రాసుకుని బయల్దేరితే సగం మంది దొరకరు. రాయగడ జిల్లాలో ఒక్క గ్రామం కింద మూడు నాలుగు గూడేలుంటాయి. ఒకటి రోడ్డు మీద, మిగిలినవి వాగు దాటి, కొండెక్కితే గాని రావు. మలేరియా ఎక్కువుండేది సరిగ్గా ఆ చివరి గూడెంలోనే. మెల్లగా పారే కొండవాగుల అంచుల్లో పెరిగే అనాఫిలస్ ఫ్లువియాటిలిస్ దోమ మనిషి రక్తాన్నే ఎక్కువగా కోరుతుంది. వాగుకు దగ్గరగా ఉన్న ఇల్లే దానికి దగ్గరి ఇల్లు. కాబట్టి జాబితా గూడెం వారీగా, ఇంటి వారీగా ఉండాలి. ఇంటి పెద్ద పేరు, మనుషుల సంఖ్య, ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, ఊళ్లో లేనివాళ్లు ఎక్కడికి వెళ్లారు, ఎప్పుడొస్తారు అన్నవన్నీ అందులో రాయాలి.

సరుకు లెక్క తేలికే కాని తప్పులు ఇక్కడే జరుగుతాయి. కిట్లు జనాభాకు సమానంగా, ఆపైన నూటికి పది అదనంగా తీసుకోవాలి. మందు ప్యాకెట్లు మాత్రం జనాభా లెక్కన కాదు, గత రౌండులో ఏ వయసులో ఎంతమంది పాజిటివో చూసి తీసుకోవాలి, ఆపైన నాలుగో వంతు అదనం. ఇక్కడి మలేరియా పరాన్నజీవులు ముఖ్యంగా రెండు రకాలు, ఫాల్సిపేరం, వైవాక్స్. ఫాల్సిపేరం మందు వయసును బట్టి రంగు ప్యాకెట్లలో వస్తుంది: ఏడాది లోపుకు గులాబీ, 1-4 ఏళ్లకు పసుపు, 5-8కి ఆకుపచ్చ, 9-14కి ఎరుపు, 15 దాటితే తెలుపు. ఇండెంటు రాసేవాళ్లు తెల్ల ప్యాకెట్లు ఎక్కువ రాస్తారు. గూడెంలో ముందు అయిపోయేవి పసుపు, ఆకుపచ్చ, ఎందుకంటే పాజిటివ్ పిల్లలే ఎక్కువ. అప్పుడు తెల్ల ప్యాకెట్ విరిచి పిల్లలకు పంచడం మొదలవుతుంది, మోతాదు ఎక్కువో తక్కువో అవుతుంది. ఇది ఏ పరిస్థితిలోనూ జరగకూడదు.

రవాణా గురించి ఒక్క మాట. మల్కన్‌గిరిలో బలిమెల జలాశయం అవతల చిక్కుకున్న 151 గ్రామాలకు 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా కిట్లూ మనుషులూ పడవల్లోనే వెళ్లాల్సి వచ్చేది. వంతెన కూడా మలేరియా నియంత్రణలో భాగమే.

తేదీ కుదుర్చుకునేటప్పుడు సంత రోజు తప్పించాలి. గూడెం నాయకుడికీ, గూడెం పూజారి అయిన దిశారికీ ముందుగా చెప్పాలి. ఊరు దిశారి మాట వింటుంది. ఆయన వేలికి మొదటి సూది పడితే మిగతావాళ్లు వరసలో నిలబడతారు. రాయగడ పట్నంలో సిబ్బందికి ఒడియా, తెలుగు రెండూ వచ్చు, పైన కొండ మీద ఆడవాళ్లకు కువి తప్ప రాదు. గుణుపూర్ పైన సవర, మల్కన్‌గిరి దిగువన కోయ. జట్టులో ఆ భాష మాట్లాడే మనిషి ఒకరు లేకపోతే ఆ రోజు బయల్దేరకపోవడమే మేలు.

క్యాంపు రోజు

వేళ తెల్లవారుజాము, కాకపోతే సాయంత్రం. పది గంటలకు వెళ్తే గూడెంలో ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. చీకటి పడ్డాక టార్చిలైటు వెలుతురులో కిట్టు మీద ఫలితం చూపే గీతలు చదవడం నమ్మదగ్గది కాదు, పలచని గీత తప్పిపోతుంది. అందుకే రాత్రి ఊళ్లోనే ఆగి, సాయంత్రం కొంతమందికీ పొద్దున్నే మిగిలినవాళ్లకీ చేసేలా వేసుకున్న ప్రణాళికే ఎక్కువ మందిని పట్టుకుంటుంది.

జట్టుకు ముగ్గురు కావాలి. ఒకరు పేరు రాస్తారు, ఒకరు సూది వేస్తారు, మూడోవాళ్ల పని గడియారం చూడడమే. ఈ మూడో మనిషిని ఖర్చు కింద కొట్టేయడం చాలాచోట్ల చూస్తాం. ఎందుకు కొట్టేయకూడదంటే: కిట్టు మీద పేరు, నంబరు రాసి, వేలు తుడిచి, ఆరనిచ్చి, సూది వేసి, రక్తం తీసి, ద్రావకం వేసేసరికి మనిషికి మూడు నిమిషాలు తక్కువ పట్టదు. పదిమందికి అరగంట. కిట్టు చదవాల్సింది కంపెనీ చెప్పినట్టు 15 లేదా 20 నిమిషాలకు. అంటే పదో మనిషికి సూది వేసేలోపే మొదటి కిట్టు గడువు దాటిపోతుంది. గడువు దాటాక చదివితే లేని గీత కనబడవచ్చు.

తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో వరసగా:

స్పిరిట్ ఆరకముందే సూది వేస్తే రక్తం పలచబడుతుంది. కావలసింది 5 మైక్రోలీటర్లు, చుక్కలో చిన్న భాగం. గొట్టం గీత దాకా నింపకుండా పెద్ద చుక్కంతా పోస్తే కిట్టు ఎర్రబడిపోయి గీతలు కనబడవు. ద్రావకం చుక్కలు కంపెనీ కంపెనీకీ వేరు. ఒక పెట్టెలో సీసా అయిపోతే ఇంకో కంపెనీ సీసా వాడేస్తారు. ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే కిట్టు మామూలుగానే కనబడుతుంది, ఫలితం మాత్రం తప్పు. కిట్టు సరిగా పనిచేసిందని చూపే నియంత్రణ గీత రాకపోతే ఆ కిట్టు చెల్లదు, మళ్లీ కొత్త కిట్టుతో చేయాలి. ప్యాకెట్‌లో తేమ పీల్చే పొడి రంగు మారి ఉంటే కిట్టు పారేయాలి. మే నెలలో రేకుల కప్పు ఉపకేంద్రంలో పెట్టిన కిట్లు పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత హద్దు దాటిపోతాయి. వాటిని మట్టిగోడ గదిలో, నేలకు కాస్త ఎత్తులో, గోడకు దూరంగా పెట్టాలి.

ఇంకొకటి, కిట్టు చదివే సిబ్బందిలో చాలామందికి తెలియనిది. ఫాల్సిపేరం గీత పరాన్నజీవి విడుదల చేసే ఒక ప్రొటీన్‌ను చూపిస్తుంది. మందు వేసి పరాన్నజీవి చచ్చిపోయాక కూడా ఆ ప్రొటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుంది. నెల లోపల మందు వాడినవాళ్లకు గీత వస్తే అది పాత గీత కావచ్చు. వాళ్లకు స్లయిడు తీసి మైక్రోస్కోప్ కింద చూడాలి. “గత నెలలో మలేరియా మందు వాడారా?” అన్న ప్రశ్న రిజిస్టర్‌లో ఒక గడిగా ఉంటేనే అడుగుతారు. రెండో వైపు, పరాన్నజీవులు మరీ తక్కువున్న రక్తాన్ని కిట్టు పట్టుకోలేదు. అందుకే ఒక్క రౌండుతో ఊరు శుభ్రమైందనుకోకూడదు.

ఆ రోజు దొరకని ఇళ్లకు వారం లోపల ఆశా మళ్లీ వెళ్లాలి. పరీక్ష కానివాళ్లు పదిమందిలో ఇద్దరే కదా అని వదిలేస్తే, ఆ ఇద్దరు సాధారణంగా యువకులు, వలస కూలీలు, అడవికి వెళ్లేవాళ్లు. అంటే జబ్బు మోసే అవకాశం ఎక్కువున్నవాళ్లే మిగిలిపోతారు.

మందు మింగేదాకా

ఫాల్సిపేరానికి ఆర్టిసునేట్ మూడు రోజులు, దాంతోపాటు మొదటి రోజు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, రెండో రోజు ప్రైమాక్విన్ ఒకే మోతాదు, పెద్దవాళ్లకు 45 మిల్లీగ్రాములు. ఆ ఒక్క ప్రైమాక్విన్ రోగికి ప్రత్యేకంగా మేలు చేయదు, దోమకు అంటకుండా ఆపుతుంది. అందుకనే అది ఎక్కువగా మిగిలిపోతుంది. వైవాక్స్‌కు మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్. మూడో రోజుకు ఒళ్లు తేలికపడుతుంది, మిగతా మాత్రలు ఇంటి చూరులో చెక్కేస్తారు. కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది, రిజిస్టర్‌లో కొత్త కేసుగా పడుతుంది. పద్నాలుగు గళ్ల చీటీ మీద రోజుకో గుర్తు పెట్టడం చిన్న పనిలా కనబడుతుంది గాని, వైవాక్స్ ఊళ్లలో దానికంటే విలువైన పని లేదు. ఆశాకు పరీక్షకు కొంత, పూర్తి చికిత్స చేయించినందుకు కొంత డబ్బు ఇచ్చే కేంద్ర పద్ధతి ఉంది. ఆ చికిత్స డబ్బు నెలల తరబడి ఆలస్యమైన చోట పద్నాలుగో రోజు ఎవరూ లెక్కపెట్టరు.

మొదటి మోతాదు జట్టు కళ్లముందే, ఏదైనా తిన్నాక వేయించాలి. అరగంట లోపల కక్కుకుంటే మళ్లీ ఇవ్వాలి. ప్రైమాక్విన్ గర్భిణులకూ ఏడాది లోపు పిల్లలకూ ఇవ్వకూడదు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు అది రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం కాఫీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఈ మాట ఇంట్లో వాళ్లకు వాళ్ల భాషలో చెప్పి రావాలి. తాగలేకపోవడం, ఆగని వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం కనబడితే మాత్రల కోసం చూడకూడదు. అది తీవ్ర మలేరియా, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఉన్నచోటికి అప్పటికప్పుడు చేర్చాలి.

తెరలు, పోడు మంచెలు, అలికిన గోడలు

తెర పంచడంతో పని అవ్వదు. మందు తెర మూడేళ్లు, లేదా ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది. కొత్తది మొదట ఒక రోజు నీడలో ఆరవేయాలి. మామూలు సబ్బుతో ఉతికి నీడలోనే ఆరబెట్టాలి. వాగులో ఉతకకూడదు, చేపలు చస్తాయి. ఇద్దరికి ఒకటి చొప్పున లెక్క. ఐదుగురున్న ఇంటికి మూడు.

కొండిళ్లలో చూరు వంగి ఉంటుంది, పొయ్యి మధ్యలో ఉంటుంది. చలికాలం నిప్పు చుట్టూ నేలమీదే పడుకుంటారు. తెర ఎక్కడ కట్టాలి? నాలుగు మేకులు, కొంచెం తాడు, జట్టులోని మనిషి పది నిమిషాలు నిలబడి కట్టి చూపించడం, ఇవి చేసిన ఇళ్లలో తెర వేలాడుతుంది. చేయని ఇళ్లలో మడతపెట్టి అటక మీదే ఉంటుంది.

అసలు పెద్ద రంధ్రం ఇంకోటి. చోళ్లు, సామలు పండే వేళకు, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, పందులూ చిలకలూ తినకుండా కుటుంబాలు పోడు మంచెల మీద కాపలా పడుకుంటాయి. ఫ్లువియాటిలిస్ బలంగా ఉండేది కూడా ఆ నెలల్లోనే. ఇంటి తెర ఇంట్లో, మనిషి మంచె మీద. ఇంటికిచ్చే లెక్కలో పోడుకు ఒక తెర అదనంగా కలపాలన్నది ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్ల గట్టి అభిప్రాయం. లెక్క పుస్తకం ఇంటిని చూస్తుంది, దోమ మనిషి పడుకున్న చోటుకు వెళ్తుంది.

గోడల మందుకు ఒకటే శత్రువు, ఎర్రమట్టి. చైత్ర పర్వానికి ఇల్లంతా అలుకుతారు. పండక్కి ముందు కొట్టిన మందు ఆ మట్టి కింద పడిపోతుంది. పండగయ్యాకే స్ప్రే, ఆ తరవాత కనీసం రెండు నెలలు అలకవద్దని ముందే ఒప్పందం. తేదీ పండగను చూసి వేసుకోవాలి, జిల్లా క్యాలెండర్ చూసి కాదు.

అంకె పెరిగితే భయపడే అధికారి

400 మంది ఉన్న గూడెం అనుకుందాం. ఏడాదిలో జ్వరమొచ్చి వచ్చినవాళ్లలో 8 మంది పాజిటివ్. వెయ్యి మందికి 20 అన్నమాట. ఇప్పుడు అందరికీ పరీక్ష చేస్తే మరో 32 మంది జ్వరం లేనివాళ్లు దొరికారు. సూచిక ఒక్కసారిగా 100కి ఎగబాకుతుంది. జబ్బు పెరగలేదు, కనబడింది. సమీక్షా సమావేశంలో “కేసులెందుకు పెరిగాయి?” అని గదమాయిస్తే తరవాతి రౌండులో కిట్లు పెట్టెలోనే ఉండిపోతాయి. 2017లో ఒడిశా అంకెలు 3 లక్షల 48 వేల దగ్గరే ఉండి, ఆ మరుసటి ఏడు కూలిపోవడంలో ఈ లెక్క కొంత దాగి ఉంది. కేసుల సంఖ్య పక్కనే ఎన్ని గూడేల్లో, ఎంతమందికి పరీక్ష జరిగిందో, నూటికి ఎంతమంది పాజిటివో చూడాలి. పరీక్షలు పెరిగి పాజిటివ్ శాతం తగ్గితే అది విజయం. పరీక్షలు తగ్గి కేసులు తగ్గితే ప్రమాదం. 2020లో కొవిడ్ వల్ల క్యాంపులు దెబ్బతిన్న చోట్ల ఈ రెండింటినీ వేరు చేసి చూడడం చాలా అవసరమైంది.

వాగు అవతల ఇంకో రాష్ట్రం

2027కు దేశంలో స్థానిక మలేరియా సున్నా, 2030కి నిర్మూలన అన్నది జాతీయ లక్ష్యం. ఆ లక్ష్యం సరిహద్దులో ఇరుక్కుంటుంది. గుణుపూర్ దాటిన వంశధార శ్రీకాకుళంలోకి వెళ్తుంది. మల్కన్‌గిరి దిగువన మోటు దాటితే చింతూరు. రెండు వైపులా కోయ బంధువులే, సంతలూ పెళ్లిళ్లూ కలిసే జరుగుతాయి. జనవరిలో మిరప కోతలకు ఖమ్మం, భద్రాచలం వైపు వెళ్లినవాళ్లు వేసవిలో తిరిగొస్తారు. దోమ ఒకటి రెండు కిలోమీటర్లు ఎగురుతుంది, మనిషి బస్సెక్కుతాడు.

ఒడిశాలోని పొట్టంగి బ్లాకుకూ ఆంధ్రలోని సాలూరుకూ మధ్య కొటియా గ్రామాలు 21. ఎవరివన్న వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. అలాంటి ఊరు రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు, ఒక్కోసారి రెండింటిలోనూ ఉండదు. రెండు తెరలొచ్చిన ఇల్లూ ఒక్కటీ రాని ఇల్లూ పక్కపక్కనే కనబడతాయి. ఇటు మందు కొట్టి అటు కొట్టని వాగులో పెరిగిన దోమకు హద్దురాయి తెలియదు.

ఇక్కడ కావలసింది పెద్ద ఒప్పందాలు కావు. పక్కపక్కనున్న రెండు పీహెచ్‌సీల వైద్యాధికారులు చేసుకోగల పనులే. మొదటిది, హద్దుకు రెండు వైపులా గూడేల జాబితా ఒక్కటే కాగితం మీద, ఏ గూడెం ఎవరు చేస్తారో పేరుతో. వివాదం తేలేదాకా ఆగకుండా, దగ్గరున్నవాళ్లు చేస్తారన్న పద్ధతి. రెండోది, క్యాంపులూ స్ప్రేలూ ఒకే పక్షంలో, వీలైతే ఒకే వారంలో. మూడోది, తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ అచ్చైన చిన్న చికిత్స చీటీ: పరీక్ష తేదీ, ఫలితం, మందు, ఎన్నో రోజు దాకా మింగారు, సొంత గూడెం పేరు. మిరప తోటలో జ్వరమొచ్చిన మల్కన్‌గిరి కూలీ ఆ చీటీ చూపిస్తే, మూడు వారాల కింద మందు వాడాడని తెలిసి అక్కడి ఏఎన్ఎం కిట్టు బదులు స్లయిడు తీస్తుంది. వైవాక్స్ అయితే మిగిలిన ప్రైమాక్విన్ రోజులు అక్కడే పూర్తిచేయిస్తుంది. నాలుగోది, కేసు ఎక్కడ దొరికినా సొంత ఊరి పీహెచ్‌సీకి అదే రోజు ఫోను. ఇంట్లో మిగిలినవాళ్లకు పరీక్ష మూడు రోజుల్లో జరగాలి. కేసు ఎవరి ఖాతాలో పడుతుందన్న తగువు తరవాత తేల్చుకోవచ్చు.

కోతలకు బయల్దేరే జనవరిలో గూడెం నుంచి వెళ్లే ప్రతి జట్టు మేస్త్రీ చేతికి ఈ చీటీల కట్ట, తోటలో కట్టుకోవడానికి తెరలు, రెండు వైపుల ఏఎన్ఎంల ఫోను నంబర్లు ఇవ్వాలి. వాళ్లు తిరిగొచ్చే వారం ఆశాకు ముందే తెలిసి ఉండాలి. వేసవి రౌండు తేదీ వాళ్లు ఇల్లు చేరాక పడేలా జరపాలి, ముందు కాదు.